పటేలు షాట్ వద్దు, సంఘం షాట్ పెట్టండి

(కిష్టారెడ్డిపేటలో పాటల వీడియో ప్రాజెక్టు చేస్తున్న డిగ్రీ విద్యార్థులు, వాడ పెద్దలు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక డప్పు కళాకారుడు చేసిన ప్రసంగ పాఠం. చెప్పిన మాటే మళ్ళీ వచ్చిన చోట తగ్గించి, మిగతాది మాట్లాడినట్టుగానే ఇస్తున్నాం.)



నేను ఉపన్యాసాలు ఇచ్చే మనిషిని కాను. చేతికి చిర్ర ఇస్తే మాట్లాడుత, మైకు ఇస్తే తడబడుత. అయినా ఈ పిల్లలు పట్టుబట్టి నన్ను నిలబెట్టిన్రు. ఎందుకు నిలబెట్టిన్రో ముందుగాల చెప్పాలె. లేకుంటే వెనక కూసున్న అక్కలకు సంగతి అర్థం కాదు.

కాలేజీల వీళ్ళకు మీడియా పాఠం ఒకటి ఉన్నది. అందుల భాగంగా ఒక పని ఇచ్చిన్రు. జనం బాగా చూసిన పాటల వీడియోను ఒకదాన్ని ఎంచుకోవాలె. దాన్ని ఉన్నది ఉన్నట్టుగ మళ్ళీ తీయాలె. అదే నడక, అదే ఆట, అదే కోణం. తీసింది క్లాసుల చూపించాలె, మార్కులు వేస్తరు. మన పిల్లలు ఏడుగురు కలిసి డప్పులున్న ఒక సినిమా పాట ఎంచుకున్నరు. ఎంచుకొని నా దగ్గరికి వచ్చిన్రు. "పెద్దనాయనా, డప్పు కొట్టేటోళ్ళు నలుగురు కావాలె, తోలుకొస్తవా?" అని అడిగిన్రు. సంతోషం, ఎక్కడ తీస్తరు అన్న. కొత్తగ కట్టిన అపార్ట్‌మెంట్ల గేటు ముందట రోడ్డు బాగుంటది, అక్కడ తీస్తం అన్నరు. వాడల ఎందుకు తీయరు, డప్పులు వాడలనే ఉన్నయి కదా అన్న. ఎవరూ మాట్లాడలే. చివరికి ఒక బిడ్డ తల వంచుకొని చెప్పింది. "వాడల తీస్తే క్లాసుల అందరికీ తెలిసిపోతది పెద్దనాయనా."

ఏం తెలిసిపోతదో నేను అడగలే. మీరూ అడగరు. ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

నాకు ఆ బిడ్డ మీద కోపం రాలే. ఆ మాట ఆమెతోని అనిపించింది ఆమె కాదు. హాస్టల్ల ఇంటి పేరు అడిగినోళ్ళు, అద్దె ఇల్లు చూపించి కులం తెలిసినంక తాళం వేసినోళ్ళు అనిపించిన్రు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. అందుకే వచ్చి మాట్లాడుతున్న.

కాపీ కొట్టుడు తప్పు కాదు

మొదలు ఒక మాట. వేరేటోళ్ళ వీడియోను మళ్ళీ తీసుడు నకలు కదా, అదేం చదువు అని కొందరు పెద్దలు అన్నరు. నేను ఒప్పుకోను. నేను డప్పు నేర్చుకున్నది నకలు తోనే. మా నాయిన ముందట నడిచేటోడు, నేను ఆయన వెనక. కుడి చేతిల చిర్ర, ఎడమ చేతిల సిటికెన పుల్ల. ఆయన చెయ్యి ఎట్ల పడితే నా చెయ్యి అట్ల పడాలె. చావు దరువుకు ఎక్కడ ఆగాలె, పెండ్లి దరువుకు ఎక్కడ ఎత్తుకోవాలె, ఇదంతా ఏ పుస్తకంల లేదు. ఏండ్లకేండ్లు నకలు కొట్టినంకనే నా సొంత దెబ్బ ఒకటి పుట్టింది. కాబట్టి నకలు కొట్టండి. కానీ కండ్లు తెరిచి కొట్టండి.

కండ్లు తెరిచి కొట్టుడు అంటే ఏంది? ఆ పాటను మొదలు చప్పుడు బంద్ చేసి చూడండి. పాట వినబడుతుంటే మనసు దరువు ఎంబడి పోతది, కన్ను పనిచెయ్యదు. చప్పుడు బంద్ చేస్తే బొమ్మ ఎక్కడ తెగిందో, ఎక్కడ అతికిందో కనబడతది. ఒక కాయితం తీసుకొని గీతలు కొట్టండి. ఎన్నో షాట్, అందుల ఎవరున్నరు, ఎంతసేపు ఉన్నరు, కెమెరా కింద ఉన్నదా పైన ఉన్నదా, పాటల ఏ మాట దగ్గర వచ్చింది. మూడు నిమిషాల పాటల షాట్లు వందకు దాటుతయి. ఒక్కొక్కటి రెండు సెకండ్లు కూడా ఉండదు. అంతా రాసుకున్నంక గాని తీసుడు మొదలుపెట్టొద్దు.

తీసేటప్పుడు పాటను పెద్దగ పెట్టి, దానికి తగ్గట్టు పెదవి ఆడించాలె. ఫోన్ల వచ్చే చప్పుడు తర్వాత తీసేసి అసలు పాట అతికిస్తరు. అందుకే ప్రతి షాట్ మొదలు గట్టిగ ఒక చప్పట్ కొట్టాలె. ఆ చప్పట్ బొమ్మల కనబడతది, చప్పుడుల వినబడతది, రెండూ కలుపుకోవచ్చు. ఎండ నడినెత్తి మీద ఉంటే మన నల్లటి మొఖాల మీద నీడలు పడి కండ్లు కనబడవు. పొద్దున, సాయంత్రం తీయండి. ఇంకొకటి. ఆ పాట రికార్డు కంపెనీ సొత్తు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ల చదువు చెప్పుకునే కాడ వాడుకోడానికి కొంత వెసులుబాటు ఉన్నది. క్లాసుల చూపించుకోండి. అదే యూట్యూబ్‌ల పెడితే కంపెనీ అభ్యంతరం పెట్టొచ్చు. లోకానికి చూపించాలనుకుంటే మన పాట మనం పాడుకొని పెట్టుకోవాలె.

ఇవన్నీ చేతి పనులు, రెండు రోజులల్ల వస్తయి. అసలు పని వేరే ఉన్నది.

తెర మీద నా చెయ్యి

పిల్లలు ఎంచుకున్న పాటను నేను ఆ బిడ్డ ఫోన్ల చూసిన. చప్పుడు బంద్ చేసి ఇద్దరం లెక్కపెట్టినం. హీరో మొఖం ఎన్ని సార్లు వచ్చిందో లెక్క తప్పిపోయింది. డప్పులోళ్ళు చాలాసార్లు వచ్చిన్రు. కానీ ఒక్కసారి కూడా ఒక్క డప్పులోని మొఖం నిలబడి రెండు సెకండ్లు కనబడలే. చేతులు కనబడ్డయి, డప్పు కనబడ్డది, దుమ్ము కనబడ్డది. మనిషి కనబడలే.

నాకిది కొత్త కాదు. వయసుల ఉన్నప్పుడు ఒక సినిమా పాటకు డప్పు కొట్టనీకి నన్ను, ఇంకా కొందరిని తోలుకపోయిన్రు. మూడు రాత్రులు కొట్టినం. పాటల హీరో డప్పు పట్టుకోవాలె. ఆయనకు చిర్ర ఏ చేతిల పట్టుకోవాలెనో తెల్వదు, ఎడమ చేతిల పట్టిండు. నేను పోయి చెప్పబోతే "నువ్వు వెనక నిలబడు" అన్నరు. నిలబడ్డ. సినిమా వచ్చినంక వాడల సగం మందిని టాకీసుకు తోలుకపోయిన, టికెట్ పైసలు నేనే పెట్టుకున్న. పాట వచ్చింది, అయిపోయింది. మా అవ్వ నా దిక్కు తిరిగి, "నువ్వేడున్నవు బిడ్డా?" అన్నది. "హీరో భుజం పక్కన చెయ్యి కనబడ్డది చూడు, అది నాదే" అన్న. అవ్వ ఇంకేం అడగలే.

ఇప్పుడు మీరు ఆ పాటను ఉన్నది ఉన్నట్టు మళ్ళీ తీస్తే ఏమైతది? నన్ను మళ్ళీ వెనక నిలబెడతరు. అప్పుడు నిలబెట్టింది బయటోళ్ళు, ఇప్పుడు నిలబెట్టేది నా పిల్లలు. గిది నా బాధ.

పేరు ఎక్కడ పోయింది?

మొఖమే కాదు, పేరు కూడా గట్లనే పోతది. 'బండెనక బండి' పాట తెలంగాణల తెల్వనోళ్ళు లేరు. 1980ల విడుదలైన 'మా భూమి' సినిమాల మన పాత మెదక్ జిల్లా తూప్రాన్ బిడ్డ గద్దరన్న తెర మీద పాడిండు. 2023 ఆగస్టు 6న గద్దరన్న పోయిండు, ఆ పాట ఉన్నది. దాన్ని కట్టింది ఎవరని అడగండి. సాయుధ పోరాటంల పాల్గొన్న బండి యాదగిరి అని చెప్పేటోళ్ళు పదిల ఒక్కరు దొరకరు.

దర్శనం మొగిలయ్యను చూడండి. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి, మాదిగలను ఆశ్రయించి బతికే డక్కలి కులంల పుట్టిన కిన్నెర కళాకారుడు. 2021ల ఒక పెద్ద సినిమా పాటల ఆయన గొంతు, కిన్నెర వినబడ్డయి. దేశమంతా విన్నది. 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు. 2024 మేల హైదరాబాద్ శివార్లల్ల కూలి పని చేస్తున్నడని పత్రికలు బొమ్మ వేసి రాసినయి. పాటకు కోట్ల చూపులు, పాడినోనికి కూలి.

తమిళంల 2021 మార్చిల 'ఎంజాయ్ ఎంజామి' అనే వీడియో వచ్చింది. అందుల మాట రాసి గొంతు ఇచ్చినోడు అరివు, దళిత యువకుడు. శ్రీలంక తేయాకు తోటలల్ల కూలి చేసి వచ్చిన వాళ్ళింటి ముసలవ్వ వల్లియమ్మాళ్ బతుకే ఆ పాటకు మూలం. వీడియోల ఆ ముసలవ్వను రాణి లెక్క కుర్చీల కూసోబెట్టిన్రు. చూడండి, ఎంత గొప్ప షాటో! అదే ఏడు ఆగస్టుల ఒక పెద్ద సంగీత పత్రిక ఆ పాట గెలుపు మీద అట్ట బొమ్మ వేస్తే అందుల అరివు లేడు. సినిమా దర్శకుడు పా. రంజిత్ ఇదేంది అని నలుగుట్ల అడిగినంక అరివు బొమ్మతోని ఇంకో అట్ట తెచ్చిన్రు. అడిగితేనే వచ్చింది. అడగకుంటే రాదు.

పస్తాపూర్ అక్కలు పెట్టిన పేర్లు

ఇగ అసలు పాఠానికి వస్త. ఈ పాఠం మీకు కాలేజీల చెప్పరు. మన సంగారెడ్డి జిల్లాలనే, జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఉన్నది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలల్ల పనిచేసే దళిత ఆడవాళ్ళు, కూలి చేసుకునేటోళ్ళు, చానామందికి బడి ముఖం తెల్వదు, 1990ల చివరల వీడియో కెమెరా నేర్చుకున్నరు. 2001ల వాళ్ళ కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడ్డది. బీటీ పత్తి వేసి దెబ్బతిన్న వరంగల్ రైతుల మీద వాళ్ళు తీసిన సినిమాలు దేశదేశాలు తిరిగినయి. 2008 అక్టోబర్ 15న మాచ్‌నూరుల సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది కూడా దళిత ఆడవాళ్ళే.

కెమెరా నేర్చుకునేటప్పుడు వాళ్ళకు ఇంగ్లీషు పేర్లు చెప్పిన్రు. ఆ అక్కలు వాటి బదులు తమ పేర్లు తాము పెట్టుకున్నరు. కెమెరా పైనుంచి కిందికి మనిషిని చూస్తే దానికి పటేలు షాట్ అని పేరు పెట్టిన్రు. పటేలు గద్దె మీద కూసొని, కింద నిలబడ్డ జీతగాణ్ణి చూసినట్టు ఉంటది గనుక. కెమెరా కింది నుంచి పైకి చూస్తే అది బానిస షాట్. జీతగాడు దొర దిక్కు తలెత్తి చూసినట్టు ఉంటది. మరి కెమెరా మనిషి కంటికి సమానంగ ఉంటే? అది సంఘం షాట్. సంఘంల అందరూ చాప మీద ఒక్క తీరుగ కూసుంటరు, ఒకరి కండ్లల్లకు ఒకరు చూసుకొని మాట్లాడుతరు కదా, అందుకు.

ఎన్ని పుస్తకాలు చదివితే ఈ మాట వస్తది చెప్పండి! కెమెరా ఎక్కడ పెట్టినవంటే నువ్వు ఎవని కండ్లతోని చూస్తున్నవని అర్థం. మీరు ఎంచుకున్న పాటను మళ్ళొకసారి చూడండి. హీరోకు అన్నీ బానిస షాట్లే, మనం కింద పడి ఆయన దిక్కు చూస్తున్నం. డప్పులోళ్ళకు, ఊరి జనానికి పటేలు షాట్లు, చీమల లెక్క కనబడుతున్నరు. సంఘం షాట్ ఒక్కటి లేదు. మీరు గీసుకునే కాయితంల ఇంకో గడి గీయండి. ప్రతి షాట్ ముందట ప, బా, సం అని రాసుకోండి. మొత్తం కూడినంక ఆ పాట ఎవరిదో మీకే తెలుస్తది.

పాట వాళ్ళది, మాట మనది

మళ్ళీ తీసేటప్పుడు మార్చొచ్చా అని ఒక తమ్ముడు అడిగిండు. మార్చినోళ్ళు ఉన్నరు. తమిళనాడు కొడైకెనాల్ల హిందుస్థాన్ యూనిలీవర్ వాళ్ళ థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఉండేది. పాదరసం వ్యర్థాల గొడవతోని 2001ల మూతపడ్డది. పనిచేసినోళ్ళు నష్టపరిహారం కోసం ఏండ్లకేండ్లు తిరిగిన్రు. 2015 జులైల సోఫియా అష్రఫ్ అనే గాయని ఒక అమెరికా పాట వరస తీసుకొని, మాటలు మార్చి, కార్మికుల గోస పెట్టి వీడియో చేసింది. లక్షల మంది చూసిన్రు. 2016 మార్చిల కంపెనీ 591 మంది మాజీ కార్మికులతోని ఒప్పందానికి వచ్చింది. వీడియోతోనే అయ్యిందని చెప్పను. 15 ఏండ్లు కొట్లాడింది కార్మికులు. కానీ మూసిన చెవులల్ల ఆ పాట పడ్డది.

మన కాడ ఏం తక్కువున్నది? పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల నీళ్ళు నక్కవాగుల కలిసి, నక్కవాగు మంజీరల కలిసింది. పొలాలు పోయినయి, బాయిలు పోయినయి. 1990లనే సుప్రీంకోర్టుకు కేసు పోయింది. 2007ల స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీళ్ళు పరీక్ష చేస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ మందు ఉన్నదని తేలింది. ఆ గోలీ వేసుకున్న రోగి రక్తంల ఉండే దానికన్నా ఎక్కువ అది, వాగుల పోతున్నది. 2025 జూన్ 30న పాశమైలారంల మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా సచ్చిపోయిన్రు. చానామంది బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చినోళ్ళు. వాళ్ళ చావుకు ఈ గడ్డ మీద డప్పు కొట్టేటోళ్ళు కూడా లేకపోయిన్రు.

మీ కిష్టారెడ్డిపేటల పొద్దుగాల ఆరు గంటలకు నిలబడి చూడండి. షిఫ్టు బస్సు కోసం నిలబడ్డోళ్ళు, అపార్ట్‌మెంట్ల గిన్నెలు తోమనీకి పోయే అక్కలు, ప్లాట్ల రాళ్ళ నడుమ మేకలు మేపే ముసలోడు. గివి ఏ సినిమా సెట్టుల దొరుకుతయి? పాట అదే ఉండనీయండి. దరువు అదే ఉండనీయండి. హీరో నడిచిన కాడ షిఫ్టు దిగి వచ్చే మనిషి నడిస్తే ఏమైతది, ఒకసారి తీసి చూడండి.

వాడల తీయాల్నా, వద్దా?

ఇప్పుడు ఆ బిడ్డ మాటకు వస్త. వాడల తీయమని నేను బలవంతం పెట్టను. తన కులం ఎప్పుడు, ఎవరికి చెప్పుకోవాలెనో ఆమె ఇష్టం. మీటింగుల మైకు పట్టుకొని సిగ్గెందుకు అనుడు అలకన. రేపు క్లాసుల కూసోవాల్సింది ఆమె, మార్కులు వేయించుకోవాల్సింది ఆమె. మనం పోయి పక్కన కూసోం.

ఇంకో సంగతి. వాడల తీసినంత మాత్రాన అది మన సినిమా కాదు. బయటోళ్ళు వాడకు వచ్చి ఏం తీస్తరో చూడలేదా? మోరీ తీస్తరు, ముక్కు కారే పోరగాణ్ణి తీస్తరు, కూలిన గోడ తీస్తరు. అది కూడా పటేలు షాటే. జాలి ఉన్న పటేలు అంతే. మన పిల్లలే ఆ షాట్ తీస్తే ఇంకా బాధ.

మన పెద్దలు ఏం చేసిన్రో గుర్తు చేసుకోండి. హైదరాబాద్‌ల భాగ్యరెడ్డివర్మ 1906ల జగన్ మిత్ర మండలి పెట్టిండు. హరికథ మనది కాదు, గుళ్ళె చెప్పుకునేది. దాన్నే పట్టుకొచ్చి మాలవాడల, మాదిగవాడల చెప్పించి జనాన్ని లేపిండు. వాళ్ళ పాత్ర తీసుకొని మన నీళ్ళు పోసిండు. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పక్షపత్రిక పెట్టిండు. ఆ పేరుకు మూగోళ్ళ నాయకుడు అని అర్థం. అప్పుడు నోరు లేదు, పత్రిక కావాల్సి వచ్చింది. ఇప్పుడు మీ జేబుల ఫోన్ ఉన్నది. నోరున్నది, మొఖమే వెనక దాచుకుంటున్నం.

కాబట్టి నేను కోరేది నాలుగు ముచ్చట్లు. ఒకటి, ఎవరి మొఖం తీసినా అడిగి తీయండి, వద్దన్నోళ్ళను తీయొద్దు. రెండు, బట్టలు కిరాయికి తెచ్చే పైసలు బంద్ పెట్టి, డప్పు కొట్టే నలుగురికి ఆ రోజు కూలి ఇవ్వండి. వాళ్ళు పని ఇడిచిపెట్టి వస్తరు. కళ కళే, కూలి కూలే. మూడు, చివరల అందరి పేర్లు వేయండి. డప్పు కాచనీకి మంట పెట్టిన ముసలామె పేరు సుత వేయండి. నాలుగు, క్లాసుకన్నా ముందు వాడల చూపించండి. తెల్ల బట్ట ఒకటి కట్టి, రాత్రి అందరిని కూసోబెట్టండి. "నువ్వేడున్నవు బిడ్డా?" అని ఏ తల్లీ అడగొద్దు.

ఎక్కడ తీయాలెనో మీ ఏడుగురు కూసొని మాట్లాడుకొని తేల్చుకోండి. గేటు ముందట తీస్తరా, చెరువు కట్ట మీద తీస్తరా, వాడల తీస్తరా, మీ ఇష్టం. ఎక్కడ తీసినా నేను నలుగురిని తోలుకొని వస్త, డప్పులు కాచి పెట్టుకొని వస్త. ఒక్కటే షరతు.

వెనక నిలబడం.

జై భీమ్.